పాలుకిచ్చిన పెట్ట

పశువుల ఆస్పత్రి ఉద్యోగంలో కొత్తగా చేరబోయే పిల్లలకి ముందుగా ఒక సంగతి చెప్పాలి. మీ దగ్గరికి కోడిని పట్టుకొచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది “బతుకుద్దా?” అని కాదు, “కోసుకోవచ్చా?” అని. ఆ మాట విని నొచ్చుకోకండి. చేరిన కొత్తలో నేను నొచ్చుకున్నాను. జబ్బు జీవాన్ని చేతిలో పెట్టుకుని కూర గురించి అడుగుతున్నారే అని లోపల్లోపల ఈసడించుకున్నాను. అది నా అజ్ఞానం. నాలుగు కోళ్ళున్న ఇంట్లో ఒక కోడి పోవడమంటే ఏమిటో ఆ నాలుగు కోళ్ళూ లేని ఇంట్లో పెరిగినవాడికి తెలియదు. పైగా అది చాలా తెలివైన ప్రశ్న. సూది పడిన కోడిని తినకూడదు. కాబట్టి సూదిలోకి మందు ఎక్కించకముందే ఆ ప్రశ్న అడగాలి, మనం జవాబు చెప్పాలి. మందు పడ్డాక ఆ కోడికి మిగిలేవి రెండే దారులు: బతకడం, లేదా ఎవరికీ కాకుండా పోవడం.

నేను డాక్టరును కాను. పశువైద్యశాలలో సహాయకుణ్ణి, జనం నోట కాంపౌండరును. తెనాలిలో మొదలుపెట్టి, బాపట్లలో కొన్నేళ్ళు, రేపల్లెలో మరికొన్నేళ్ళు, ఎనభైలూ తొంభైలూ అంతా ఆ ముక్కోణంలోనే తిరిగాను. మోకాళ్ళు మొరాయించడంతో సర్వీసు మిగిలి ఉండగానే సెలవు పుచ్చుకున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, తనిఖీలు ఇక్కడ రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకలాగే ఉంటాయి. గేదెల గురించి, ఎద్దుల గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. గేదెకి జబ్బు చేస్తే వీధంతా వచ్చి నిలబడుతుంది. పెరటికోడికి జబ్బు చేస్తే వచ్చేది ఒక్క మనిషే, అదీ ఎవరైనా చూసి నవ్వుతారేమోనని కొంగు చాటున పెట్టుకుని వస్తుంది. నాకు చెప్పవలసింది ఆ మనుషుల గురించే ఉంది.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకోవాలి. నేను కోతలు కోసేవాణ్ణి. మామూలు కోతలు కావు. తెనాలి రేపల్లె ప్యాసింజర్లో ఒకావిడ గంపలో కోడిని పెట్టుకుని ఆస్పత్రికి వస్తుంటే, వేమూరు దగ్గర అది ఎగిరి ఎదురు సీటులో పంతులుగారి ఒళ్ళో గుడ్డు పెట్టిందనీ, గుడ్డు కోడిగలావిడదా ఒడిగలాయనదా అని పెట్టె పెట్టెంతా రెండుగా చీలిపోయి వాదించుకుందనీ, చివరికి టీసీ వచ్చి గుడ్డుకి టిక్కెట్టు లేదని దింపేశాడనీ నేను చెప్పేవాణ్ణి. ఇందులో కోడి నిజం, రైలు నిజం. తక్కినదంతా నా చేతి చలవ. ఎదుటివాళ్ళు నవ్వుతుంటే నా చేతిలో ఉన్న జీవం కూడా కాస్త కుదుటపడినట్టు అనిపించేది. కథ చెప్పడం కూడా వైద్యంలో ఒక భాగమే అనుకునేవాణ్ణి. ఆ అనుకోవడం ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తెనాలి: ముందు చూడు, తర్వాత పట్టుకో

తెనాలిలో మా పెద్ద డాక్టరుగారు మితభాషి. నాకు పూర్తిగా వ్యతిరేకం. నేను చేరిన వారంలోనే ఒకామె తట్టలో కోడిని తెచ్చింది. నేను హుషారుగా దాని రెక్కలు దొరకబుచ్చుకుని కళ్ళు, నోరు, కాళ్ళు అన్నీ చూసేసి, “బాగానే ఉందండి సార్” అన్నాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. “వదిలెయ్యి దాన్ని.”

“ఎక్కడికి సార్?”

“కింద. వదిలేసి ఇటొచ్చి కూర్చో.”

ఆస్పత్రి ఆవరణలో దాన్ని వదిలేసి, వరండాలో ఇద్దరం కూర్చున్నాం. ఆయన పేపరు తిరగేస్తూ ఓరకంట చూస్తున్నారు. కాసేపు ఆ కోడి తల ఎత్తి ఠీవిగానే నడిచింది. మేం పట్టించుకోవడం లేదని నమ్మకం కుదిరాక నెమ్మదిగా గోడ వారకి వెళ్ళి, రెక్కలు జారవేసి, మెడ లోపలికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

“కోడి అబద్ధమాడుద్దయ్యా,” అన్నారాయన. “జబ్బు చేసిందని తెలిస్తే తోటి కోళ్ళే పొడుస్తాయి. అందుకని కనబడనివ్వదు. నువ్వు పట్టుకుంటే ఒళ్ళు బిగించి పహిల్వానులా నిలబడుద్ది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడే నిజం చెబుద్ది. దాని జబ్బు మనకి కనబడిందంటే అప్పటికే సగం దూరం వెళ్ళిపోయినట్టు.”

నా ఉద్యోగం మొత్తంలో ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు ఎవరూ చెప్పలేదు. మీరూ రాసుకోండి. ముందు దూరం నుంచి చూడండి. తింటోందా, తిన్నట్టు నటిస్తోందా? గింజని ముక్కుతో పొడిచి వదిలేసే కోడి తింటున్నట్టే కనబడుతుంది. మెడ కింద గింజ నిలిచే తిత్తి తడిమితే ఖాళీగా ఉంటుంది.

బాధ తీర్చడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఊళ్ళకి ఊళ్ళు కోళ్ళని తుడిచిపెట్టే కొక్కెర తెగులు తగిలి బతికి బయటపడ్డ కోళ్ళలో కొన్నిటికి మెడ మెలి తిరిగిపోతుంది. ఆకాశంకేసి చూస్తూ గుండ్రంగా తిరుగుతాయి. గింజ ముందే ఉన్నా ముక్కు దానిమీద పడదు. అలాంటి ఒకదాన్ని ఆయన చేతిలోకి తీసుకున్నారు. ఎడమ చేత్తో రెండు కాళ్ళూ, కుడిచేతి రెండు వేళ్ళ మధ్య తల వెనక భాగం. కిందికి ఒక్క లాగు లాగి, అదే ఊపులో తలని వెనక్కి వంచారు. రెప్పపాటు పని. తర్వాత రెక్కలు కాసేపు టపటపా కొట్టుకున్నాయి. అవి కొట్టుకుంటున్నా బాధ అప్పటికే అయిపోయిందనీ, ఆ సంగతి పక్కనున్నవాళ్ళకి ముందే చెప్పాలనీ ఆయన నేర్పారు. చెప్పకపోతే ఆ టపటప వాళ్ళ చెవుల్లో ఉండిపోతుంది.

“చెయ్యడం నేర్పొచ్చు,” అన్నారు చేతులు కడుక్కుంటూ. “ఎప్పుడనేదే కష్టం. తినడం మానేసి, నిలబడటం మానేసి, తోటివాటి దగ్గరికి పోవడం మానేసిందంటే ఇంక అది ఉండేది మన కోసమే. ఆ సంగతి ఇంటివాళ్ళకి చెప్పాలి. నీ కథలు మాత్రం చెప్పకు.”

నేను నవ్వేశాను. నా కథల్ని ఆయన కూడా చాటుగా వింటున్నారన్న మురిపెంలో చివరి మాట నా తలకెక్కలేదు.

బాపట్ల: తప్పును గాలికి వదిలేశాను

బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళలో నా ముఖ్యమైన పని కొక్కెర టీకాలు. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, అందులో మందు సీసా పెట్టుకుని సైకిలు మీద తిరగాలి. ఐసు కరిగిపోతే మందు చచ్చిపోతుంది. అందుకని ఎప్పుడూ పరుగే.

ఒక ఊళ్ళో ఇంటింటికీ టీకాలు వేస్తున్నాను. మూడో ఇంట్లో ఒక పుంజు రెక్కలు జారవేసి కునుకుతోంది. దాని కింద పచ్చగా రెట్ట. చూశాను. చూశానని ఇప్పటికీ బాగా గుర్తు. అక్కడితో ఆపేయాలి. జబ్బు దిగిన ఇంట్లో టీకా వెయ్యకూడదు, ఆ చేతులతో, ఆ సూదితో పక్కింటికి వెళ్ళనే కూడదు. కానీ ఫ్లాస్కులో ఐసు నీళ్ళయిపోతోంది. సీసాలో సగం మందు మిగిలి ఉంది. ఆ పుంజుకి ఎండ దెబ్బ తగిలిందని నాకు నేనే చెప్పుకుని, అదే సూదితో వీధి చివరిదాకా వెళ్ళాను.

వారం తిరక్కుండా ఆ వీధిలో గంపలు ఖాళీ అయ్యాయి. మళ్ళీ వెళ్ళేసరికి ఆడవాళ్ళు చుట్టుముట్టారు.

“సూదేసిన కోళ్ళే పోయినయ్యి. ఎయ్యని ఇంట్లో నిక్షేపంలా ఉన్నయ్యి. ఏంటయ్యా ఇది?”

అప్పుడు నా నోరు నన్ను కాపాడింది. సముద్రం మీది గాలి తిరగబడిందనీ, సూర్యలంక ఇసుకలో కాకులు కూడా రాలి పడుతున్నాయనీ, కాకుల్ని పడగొట్టిన గాలికి కోళ్ళు ఒక లెక్కా అనీ చెప్పాను. రాలిన కాకులెన్నో కూడా చెప్పాను. ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. ఇంకొకావిడ, “ఎండనపడి వచ్చాడు పాపం” అని మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ తాగాను.

ఈ ఉద్యోగంలో తప్పులు చెయ్యని వాడుండడు. నేను చేసిన రెండో పని మాత్రం మీరు చెయ్యకండి. తప్పు ఒప్పుకుని ఉంటే, మళ్ళీ టీకా వేయించుకునేముందు జబ్బుకోడిని పక్కన పెట్టాలని ఆ వీధికి తెలిసి ఉండేది. వాళ్ళకి నేను నేర్పింది గాలిని తిట్టుకోవడం. నాకేమో నా నోటిమీద నమ్మకం రెట్టింపయింది.

పెనుమూడి: నోటికొచ్చిన అంకె

రేపల్లెకి మారాక వారానికి రెండు రోజులు, మంగళవారం శుక్రవారం, నాకు పెనుమూడిలో పని. అక్కడే సంతోషమ్మ పరిచయం. కూలిపనికి పోయే మనిషి, యాభై దాటి ఉంటుంది, ఒంటరిది. నన్ను డాట్రుబాబూ అని పిలిచేది. నేను డాక్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా, “మా కోళ్ళకి మీరే” అనేది. నేను ఆమెని పిన్నీ అనేవాణ్ణి.

ఒక మంగళవారం ఎర్రపెట్టని తెచ్చింది. నేను దాన్ని నేలమీద వదిలి చూశాను. బాతులా నిటారుగా నిలబడింది. పొట్ట కిందికి వేలాడుతోంది. తడిమితే నీళ్ళ సంచిలా ఉంది, వేడిగా కూడా ఉంది. రోజూ గంపలోకెక్కి గుడ్డు పెట్టేదానిలా కూర్చుంటోందనీ, లేచి చూస్తే గడ్డిలో ఏమీ ఉండటం లేదనీ చెప్పింది. నాకు అర్థమైంది. గుడ్డు దారి తప్పి సొన కడుపులోనే పడి కుళ్ళుతోంది. పెద్ద ఆస్పత్రిలోనైనా దీనికి చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఆమె కోసుకోవచ్చా అని అడగలేదు. “బతుకుద్దా బాబూ?” అంది. అడగనందుకే నాకు అనుమానం వచ్చింది.

“నీదేనా పిన్నీ?”

“నాదెక్కడిది. పాలుకిచ్చింది. రేపల్లెలో సుగుణమ్మ టీచరుగారిది.”

ఆ పద్ధతి తెలియనివాళ్ళకి చెబుతాను. కలిగినవాళ్ళు ఒక పెట్టని లేనివాళ్ళకి పెంచమని ఇస్తారు. తిండి, కాపలా పెంచేవాళ్ళవి. పిల్లలు చెరిసగం. పెట్ట మాత్రం ఎప్పటికీ ఇచ్చినవాళ్ళదే. ఇందులో ఎక్కడా రాయని ఒక నియమం ఉంది. పెట్ట చచ్చిపోతే, ఈక పీకకుండా దాన్ని అలాగే తీసుకెళ్ళి ఆసామికి చూపించాలి. చూపించకపోతే తినేసినట్టే. పెంచేవాళ్ళే మెడ విరిచామని చెబితే, ఇక సందేహమే లేదు, తినడానికే విరిచారు. కాబట్టి పాలుకోడికి ఎంత జబ్బు చేసినా దానంతట అదే పోవాలి. ఎంతసేపు పట్టినా సరే.

సంతోషమ్మకి అప్పటికే ఒక మచ్చ ఉంది. అంతకు ముందు ఏడాది టీచరుగారు పాలుకిచ్చిన మొదటి పెట్టని జంగుపిల్లి ఎత్తుకుపోయింది. మిగిలిన ఈకలు మూటగట్టి తీసుకెళ్ళి చూపించింది. ఆదివారం చర్చిలో పక్కనెవరో, “ఈకలు ఎవరికైనా మిగులుతాయి” అన్నారట.

“టీచరుగారు ఏమన్నారు?” అని అడిగాను.

“ఏమీ అనలేదు బాబూ. ఈకలకేసి చూసి, లోపలికి పోయి, ఇదుగో ఈ ఎర్రదాన్ని తెచ్చిచ్చారు. దీన్నన్నా జాగర్తగా చూడు అన్నారు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇదీ పోతే నేను ఏ మొఖం పెట్టుకుని ఆ చర్చి మెట్లెక్కనూ?”

ఆమె ఏడవబోతోంది. ఏడిస్తే నేను చూడలేను. అంతే జరిగింది, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. నా నోరు దానంతట అది తెరుచుకుంది.

“ఓసి పిచ్చి పిన్నీ, బాపట్లలో సరిగ్గా ఇట్టాంటి పెట్టనే చూశాను. ఇదే పొట్ట, ఇదే నడక. ఇంటివాళ్ళు ఆశ వదిలేసుకున్నారు. పద్నాలుగో రోజు పొద్దున లేచి, కొక్కొక్కో అని వీధంతా లేపి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు ఎంతుందనుకున్నావు? బాతుగుడ్డు దాని ముందు సిగ్గుపడాలి!”

ఆమె నవ్వింది. నాలుగు మాత్రలిచ్చాను. అవి ఎందుకూ పనికిరావని నాకు తెలుసు. రెండు మూడు రోజుల్లో ఆ కోడి పోతుందని నా అంచనా. దానంతట అది పోతే ఆమె తీసుకెళ్ళి చూపించుకుంటుంది, ఆమె మాట దక్కుతుంది, ఈ రెండ్రోజులూ కాస్త ధైర్యంగా ఉంటుంది. పద్నాలుగు అన్నది నోటికొచ్చిన అంకె. పన్నెండు అయినా అనేవాణ్ణి, ఇరవై అయినా అనేవాణ్ణి.

శుక్రవారం ఆమె రాలేదు. కోడి పోయి ఉంటుందనుకున్నాను. మంగళవారం కూడా రాలేదు. తేలికపడ్డాను. కనుక్కుందామని మాత్రం అనుకోలేదు.

ఇంకా మూడు రోజులు

ఆ తర్వాతి శుక్రవారం పొలాల వెంట సైకిలు మీద పోతున్నాను. గట్టుమీద తుమ్మచెట్టు నీడలో ఒక తట్ట, తట్టమీద తడిగుడ్డ. కలుపు తీస్తున్న ఆడవాళ్ళ మధ్యలోంచి సంతోషమ్మ చెయ్యూపి, బురద కాళ్ళతోనే పరుగున వచ్చింది.

“చూడండి బాబూ, నిలబెట్టాను!” అని తడిగుడ్డ తీసింది.

నేనింతవరకూ చూసిన కోళ్ళలో అంత శుభ్రంగా ఉన్న చావుబతుకుల కోడి ఇంకొకటి లేదు. ఒక్క ఈక కూడా మురికి లేదు. రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొచ్చింది. తలమీది ఎర్రటి జుట్టు నల్లబడింది. పొట్ట కుండలా ఉబ్బి, దాని బరువుకి నిలబడలేక పక్కకి ఒరిగి, నోరు తెరిచి ఊపిరికి గింజుకుంటోంది. పొద్దునా సాయంత్రం చెంచాతో గంజి పోసిందట. పొట్టకి గోరువెచ్చటి ఆముదం రాసిందట. పనికొస్తే వెంట తెచ్చుకుని, గంటకోసారి గట్టెక్కి నీళ్ళు తాగించిందట. రెండ్రోజుల్లో పోవలసిన కోడిని ఆమె చేతులు పదకొండు రోజులు నిలబెట్టాయి. అంటే ఆ బాధని కూడా అన్ని రోజులూ నిలబెట్టాయి.

“ఇంకా మూడు రోజులుంది,” అంది సంబరంగా. “మీరు చెప్పిన గడువు.”

సైకిలు తుమ్మచెట్టుకి ఆనించాను. గట్టుమీద కూర్చున్నాను.

“పిన్నీ, ఆ బాపట్ల కోడి... అట్టాంటి కోడి లేదు.”

“తర్వాత చచ్చిపోయిందా?”

“అసలు లేదు. నేను కల్పించాను.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. నా ముఖంలోకి చూసింది, హాస్యమాడుతున్నానేమోనని. “ఎందుకు బాబూ?”

“నువ్వు ఏడుస్తావని.”

“ఏడిస్తే ఏడ్చేదాన్ని. నా ఏడుపు ఒక పూట.” కోడి తల కింద అరచెయ్యి పెట్టింది. గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే నాకు బాగుండేది. “పొద్దున్నే గంజి పోసేటప్పుడు రోజూ దీనికి చెబుతున్నా. ఇంకా ఐదు రోజులేనే తల్లీ, ఇంకా నాలుగు రోజులేనే, ఓర్చుకో అని. మీరు చెప్పారని చెప్పా దీనికి.”

“ఇప్పుడే దీని బాధ తీర్చేస్తాను పిన్నీ” అన్నాను.

“ఎట్టా తీరుస్తారు? అమ్మగారు చూడాలిగా. చంపామంటే ఏమంటారో మీకు తెలవదా?”

“మరి ఆమెకే చూపిద్దాం పద.”

పని మధ్యలో వదిలేసి ఆమె కాళ్ళు కడుక్కుంది. రేపల్లె బస్సెక్కాం. దారంతా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా ఆమె తట్టని ఒళ్ళోంచి చేతుల మీదికి ఎత్తి పట్టుకుంది. కండక్టరు, “ఏంటి పిన్నీ, కోడిని పసిబిడ్డలా మోస్తున్నావు?” అన్నాడు. నా నోటికి ఎప్పుడూ ఏదో ఒకటి వచ్చేది. ఆ రోజు రాలేదు.

టీచరుగారి వసారా

సుగుణమ్మ టీచరుగారు బడినుంచి రిటైరై చాలా ఏళ్ళయింది. మనిషి నిటారుగా, మాట కత్తిరించినట్టుగా ఉంటుంది. మేం వెళ్ళేసరికి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తట్టలోకి వంగి చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఏమైంది సంతోషం?”

నేను ముందుకొచ్చాను. “ఇది బతకదండి టీచరుగారూ. బాధపడుతోంది. ఇప్పుడే తీర్చెయ్యాలి.”

“ఎవరు చెప్పారు?”

“నేనే చెబుతున్నానండి.”

“మాత్రలిచ్చి, పద్నాలుగు రోజుల్లో గుడ్డు పెడుతుందని చెప్పిందెవరు? పోయిన ఆదివారం సంతోషం చర్చిలో అందరికీ చెప్పింది.”

“అదీ నేనేనండి.”

“అయితే నాయనా, అప్పటి నువ్వూ ఇప్పటి నువ్వూ, మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మమంటావు?”

నేను చెబుతున్నది నిజం. నా జీవితంలో ఆ క్షణంలో చెప్పినంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. దానికి సాక్ష్యంగా నా దగ్గరున్నది నా నోరొక్కటే, దాని సంగతి ఊరందరికీ తెలుసు. నమ్మించడానికి ఏ మాట వెతికినా అది కథలాగే వినిపిస్తుందని నాకే అనిపించింది.

టీచరుగారు కోపంగా లేరు. సబబుగానే మాట్లాడారు. “ఇక్కడి ఆస్పత్రిలో మీ డాక్టరు రేపు పొద్దున ఉంటారుగా. ఆయనకి చూపిద్దాం. ఆయన చెయ్యమంటే చేద్దాం. ప్రాణం తియ్యడానికి తొందరేంటి? ఒక్క రోజులో ఏం మునిగిపోద్ది?”

తట్టలో కోడి నోరు తెరిచి ఒక ఊపిరి లాగింది. మధ్యలో ఆగిపోయి, మళ్ళీ లాగింది.

అంతవరకూ మెట్టుమీదే నిలబడ్డ సంతోషమ్మ అప్పుడు మాట్లాడింది.

“అమ్మగారూ, పోయినేటిదాన్ని నేనే తిన్నాననుకోండి. దీన్నీ తినడానికే తెచ్చాననుకోండి. చర్చిలో నలుగురి ముందూ అనండి, నేను నోరెత్తను. దీన్ని మాత్రం రేపటిదాకా ఉంచమనమాకండి.”

చిక్కుడుకాయ మీద టీచరుగారి చెయ్యి ఆగిపోయింది. “నువ్వు తిన్నావని నేనెప్పుడన్నాను?”

“తినలేదని కూడా ఎప్పుడూ అనలేదుగా అమ్మగారూ.”

టీచరుగారు ఒళ్ళోని పళ్ళెం పక్కన పెట్టి, లేచి వచ్చి, తట్ట ముందు మోకాళ్ళమీద కూర్చున్నారు. కోడి పొట్టమీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకున్నారు. “కానివ్వండి,” అన్నారు.

నేను చేతులు చాచాను. సంతోషమ్మ తట్ట ఇవ్వలేదు.

“మీరొద్దు. ఎట్టాగో నాకు చూపించండి. నా చేతిలో పెరిగింది.”

తెనాలిలో మా డాక్టరుగారు నాకు చూపించినట్టే ఆమెకి చూపించాను. కాళ్ళు ఇలా, తల వెనక వేళ్ళు ఇలా. సగం మనసుతో లాగితే దానికి నరకమనీ, ఒక్కసారే గట్టిగా లాగాలనీ, తర్వాత రెక్కలు కొట్టుకుంటాయి కానీ దానికి తెలియదనీ ఇద్దరికీ చెప్పాను. ఈసారి ఒక్క మాట ఎక్కువ కలపలేదు. ఆమె చేతుల పక్కనే నా చేతులు ఉంచాను. అవసరం రాలేదు. కలుపు పీకి పీకి కాయలు కాచిన చేతులు, ఒక్కసారికే అయిపోయింది.

రెక్కలు కొట్టుకుంటుంటే టీచరుగారు ఉలిక్కిపడి, “ఇంకా ఉంది!” అన్నారు.

“లేదమ్మగారూ,” అంది సంతోషమ్మ. “పోయింది. రెక్కలే.” అవి ఆగేదాకా ఒడిలోనే పట్టుకుని కూర్చుంది.

నేను సంచిలోంచి కత్తి తీశాను. “పొట్ట కోసి చూపిస్తానండి. లోపల సొన గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు మీకే...”

మామూలుగా అయితే కోసి చూడాలి. ప్రతి చచ్చిన కోడీ తర్వాతి కోడికి పాఠం, మీరు తప్పకుండా చూడండి. కానీ ఆ రోజు నేను కత్తి తీసింది పాఠం కోసం కాదు, నా మాట నిజమని చూపించుకోవడానికి. టీచరుగారికి ఆ సంగతి తెలిసిపోయింది.

“లోపల పెట్టు నాయనా. ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.”

పెరట్లో జామచెట్టుకి ఆవల మోకాలి లోతు గొయ్యి తవ్వాను. కుక్కలు లాగకుండా అంత లోతు ఉండాలి. పైన సున్నం చల్లి మట్టి కప్పాను. సంతోషమ్మ తట్టలోని గుడ్డ పిండి తీగమీద ఆరేసి, చేతులు కడుక్కుంది. టీచరుగారు చెంబుతో నీళ్ళు పోశారు. నాకు కూడా పోశారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది, తిట్టలేదు.

తర్వాత ఆమె కోళ్ళగూడు వైపు నడిచారు. అప్పటికి సాయంత్రం కావడంతో కోళ్ళన్నీ ఒక్కొక్కటే గూటికి చేరుతున్నాయి.

“సంతోషం, ఒక పెట్టని పట్టుకెళ్ళు.”

సంతోషమ్మ కదల్లేదు. “పాలుకైతే వద్దమ్మగారూ.”

“ఏం?”

“నాకు చేతకాదు. ఇస్తే నాకే ఇచ్చెయ్యండి. లేకపోతే వద్దు. దాని బతుకూ చావూ నేనే చూసుకుంటా, ఎవరికీ ఏదీ తెచ్చి చూపించను.”

అలాంటి మాట ఆ పెరట్లో అంతకుముందు ఎవరూ అని ఉండరు. నేను పార పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టీచరుగారు ఆమెకేసి చూశారు, మట్టి కప్పిన చోటుకేసి చూశారు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచారు. తుడవడానికి అంతసేపు పట్టదు. మళ్ళీ పెట్టుకుని, వంగి, గూటి తలుపు తీశారు.

“ఏ రంగుది కావాలి?” అన్నారు.